చోటు చెప్పని ఫోను

మా ఇంట్లో ప్రకటనలు రావు. ఫోన్లలో రావు, టీవీలో రావు, అత్తగారు భక్తి పాటలు వినే టాబ్‌లో కూడా రావు. ఒకప్పుడు ఈ సంగతి స్టాఫ్‌రూములో కాలు మీద కాలేసుకుని చెప్పేదాన్ని. ఇప్పుడెవరైనా అడిగితే మాట మార్చేస్తాను.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అరసవల్లిలో అద్దెకుంటాం. మా ఆయన ఉద్యోగం విజయనగరంలో. పొద్దున్నే ఆమదాలవలస వెళ్ళి రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు, ఆవిడ టీవీ.

పెళ్ళైన ఆరో ఏడు, పిల్లల కోసమని ఇద్దరం విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. అత్తగారికి కాలేజీ పని అని చెప్పాను. ఆ ఆసుపత్రికి దారి నా ఫోనులో ఒకే ఒక్కసారి వెతికాను. మూడో రోజు నుంచి హాల్లో ఇంటర్నెట్ టీవీలో సీరియల్ మధ్య సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు మొదలయ్యాయి. ఒకటి అయ్యేసరికి ఇంకొకటి. బొద్దు పాప నవ్వడం, తెల్లకోటు డాక్టరమ్మ ఇంకా ఆలస్యం ఎందుకని అడగడం. నాకు వంటగదిలో చెమటలు పట్టేవి.

"ఏటమ్మా, ఈ ఆసుపత్రోలు మనింటినే పట్టుకున్నారేటి?" అన్నారు అత్తగారు ఒకరోజు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "పక్కింటోల టీవీలో బట్టల సబ్బులే వస్తన్నాయి."

ఆవిడ తెలిసి అన్నారో తెలియక అన్నారో నాకిప్పటికీ తెలీదు. తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. నా ఫోనులో నేనొక్కదాన్నీ చేసిన పని హాల్లో టీవీకి ఎలా తెలిసిందో క్లాసులో అయితే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. అదే నా ఇంట్లో జరిగేసరికి, ఎవరో గోడ అవతల నిలబడి మా మాటలన్నీ వింటున్నట్టు వీపు జలదరించింది. భయం వేసింది. భయం తగ్గాక ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండితే ఊరుకునే అలవాటు లేదు.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరొకటి తెప్పించి, ఇంటర్నెట్ మోడెం పక్కన పెట్టాను. ఫోను గానీ టీవీ గానీ ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు దారి అడుగుతుంది. ఆ దారి చెప్పే పని ఈ పెట్టెకి అప్పగించాను. మామూలు చోటైతే దారి చెబుతుంది. ప్రకటనలవాళ్ళ చోటో, మన మీద నిఘా పెట్టేవాళ్ళ చోటో అయితే అలాంటి చిరునామా లోకంలోనే లేదంటుంది. అంతే, ఫోను నోరు మూసుకుంటుంది. ఎవరు ఎక్కడికి పోవాలని అడిగారో ఆ జాబితా కూడా పెట్టె రాసి పెడుతుంది. మొదటి రోజు ఆ జాబితా చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారు టీవీ కట్టేసి గుడికి వెళ్ళిన వేళ కూడా ఆ టీవీ ఎవరెవరికో ఏదో చెప్పాలని తలుపు కొడుతూనే ఉంది.

అక్కడితో ఆగితే సరిపోయేది. ఇంట్లో ఉన్నంతసేపే కాపలా ఏమిటి, వీధిలోకి వెళితే ఫోను మళ్ళీ వాగుతుంది కదా అనిపించింది. కేబులాయనతో మాట్లాడి ఇంటి లైనుకి మారని చిరునామా ఒకటి తీసుకున్నాను. మా ఫోన్లు ఎక్కడున్నా, ఏ సిగ్నల్ మీదున్నా అరసవల్లిలోని నా పెట్టెనే దారి అడిగేలా కట్టాను. పెట్టె జవాబు చెప్పకపోతే ఇంకెవరినీ అడగడానికి వీల్లేకుండా గట్టిగా బిగించాను. ఆ బిగింపు చూసుకుని నేను మురిసిపోయాను.

నాకు పుట్టింటి వైపు మిగిలింది తమ్ముడొక్కడే. గార దాటాక సముద్రం ఒడ్డున ఉంది మా ఊరు. నాన్న పోయాక బోటు వాడి చేతికొచ్చింది, పుస్తకాలు నా చేతికొచ్చాయి. పదో తరగతితో చదువు మానేసి వాడు వేటకెళితే వచ్చిన డబ్బుతో నేను పీజీ చేశాను. వాడు నన్ను అప్పా అని పిలుస్తాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. వాడు నా కన్నా నాలుగేళ్ళు చిన్న, మొండితనంలో నా కన్నా పది ఆకులు ఎక్కువే చదివాడు.

ఒక ఆదివారం వాడు, మా మరదలు మా ఇంటికొచ్చారు. భోజనాలయ్యాక వాడు ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"అప్పా, దీని సంగతి సూడు. ఇది నా సోటు ఎవడికో సెప్పేస్తన్నాది."

చోటంటే సముద్రంలో వాడు కనిపెట్టుకున్న చోటు. ఒడ్డు నుంచి చాలా దూరం, నీటి అడుగున రాళ్ళుంటాయిట. రాళ్ళ దగ్గర పెద్ద చేప ఉంటుంది. ఇలాంటి చోటు దొరికితే మావాళ్ళు కన్నతల్లికి కూడా చెప్పరు. నాన్న కాలంలో దీపస్తంభం ఏ కొండకి సూటిగా వచ్చిందో చూసి గుర్తు పెట్టుకునేవారు. ఇప్పుడు ఫోనులో ఆ చోటు అంకెలు నొక్కి దాచుకుంటున్నారు. మిగతా బోట్లన్నీ ఒక వైపు వెళితే మావాడు చుట్టూ తిరిగి ఎవరూ చూడకుండా అక్కడికి పోతాడు.

"నెల్లాళ్ళలో మూడుసార్లు మావ బోటు అక్కడికొచ్చింది" అన్నాడు. మావంటే వాడికి పిల్లనిచ్చిన మామ, మరదలి తండ్రి. ఆయనదీ అదే ఊరు, ఆయనకీ బోటుంది. "వచ్చి ఏటీ ఎరగనట్టు పక్కనే వల ఏస్తాడు. ఎలా వచ్చినావు మావా అంటే, అటుగా వచ్చాను అంటాడు. సముద్రంలో అటుగా ఏటప్పా?"

"కళాసీలు చెప్పారేమో" అన్నాను. బోటులో వాడితోపాటు ఇద్దరు పనివాళ్ళుంటారు.

"సెప్పరు. సోటు పోతే ఆల వాటా కూడా పోద్ది. ఈ ఫోనే."

నేను ఫోను అందుకున్నాను. గాలి, అలలు, చేపల రేట్లు చెప్పే ఏదో ఉచిత యాప్ ఉంది అందులో. తెరిస్తే ఒళ్ళంతా ప్రకటనలే. వాడెక్కడున్నాడో రాత్రీ పగలూ అడిగి తెలుసుకునే అనుమతి దానికి ఇచ్చేసి ఉంది. పెట్టె జాబితాలో చూస్తే పది నిమిషాల్లో నాలుగైదు విదేశీ చిరునామాలకి కబుర్లు పంపాలని చూసింది.

"దొరికాడు దొంగ" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. విదేశంలో ప్రకటనలవాడి దగ్గరికి పోయిన సంగతి మా ఊళ్ళో పక్క వీధిలో ఉండే మావకి ఎవరు చేరవేస్తారు? ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. ఇది మొదటి సంవత్సరం పిల్లల్ని అడిగినా తప్పని చెబుతారు. కానీ నాకు అప్పటికే టీవీ దెబ్బ తగిలి ఉంది. ఏ ఇంట్లో ఏ గుట్టు బయటపడినా దొంగ ఫోనేనని నా తలలో తీర్పు రాసేసుకున్నాను.

ఆ యాప్ తీసేశాను. ఫోను ఎక్కడుందో బయటికి చెప్పే దారులన్నీ మూశాను. వాడి ఫోను కూడా నా పెట్టెకి కట్టేశాను. వాడు చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు.

మరదలు అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటోంది. మెల్లగా అంది, "వదినా, ఏటైనా అయితే ఈ మనిసి ఎక్కడున్నాడో ఎలా తెలస్తాది?"

"ఏమవుతుంది? అవసరమైతే వాడే మెసేజి పెడతాడు" అన్నాను.

తమ్ముడు దానివైపు తిరిగి, "ఎల్లేటప్పుడు ఎక్కడికని అడక్కూడదని తెలీదేటి? ఎల్లాక మాత్రం నీకెందుకు?" అన్నాడు. వేటకి బయల్దేరే మనిషిని ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని అడగడం మా ఇళ్ళల్లో లేదు. అడిగితే కీడని పెద్దవాళ్ళ నమ్మకం. అది తల దించుకుని కంచాలు తీసింది. నేను ఇంకో మాట అనలేదు. నా పనితనం చూసుకునే సంతోషంలో ఉన్నాను.

వినాయక చవితి వెళ్ళిన తర్వాతి వారం, పొద్దున్న రెండో పీరియడు. ల్యాబులో ఉన్నాను. పడమటి వైపు ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. చూస్తుండగానే గాలి లేచి కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. వాన, పిడుగులు. ఊళ్ళో కరెంటు పోయింది, కాలేజీలో జనరేటర్ వేశారు. అత్తగారు మేడ మీద బట్టలు తీశారో లేదో మెసేజి పెట్టి అడుగుదామని ఫోను తీస్తే ఇంటర్నెట్ లేదు. సిగ్నల్ చూస్తే నిండుగా ఉంది. పక్క టేబులు మేడమ్ ఫోనులో వాన వీడియోలు హాయిగా ఆడుతున్నాయి.

నా ఫోను పాడైందనుకుని ఒకసారి ఆపి మళ్ళీ వేశాను. అదే తీరు. అప్పుడు తట్టింది. అరసవల్లిలో కరెంటు పోయింది, పెట్టె ఆగిపోయింది, దారి చెప్పేవాడు లేక నా ఫోను మూగదైంది. ఇన్వర్టరుకి ఫ్యాన్లు, లైట్లు, టీవీ కట్టించాను గానీ పెట్టెని కట్టించలేదు. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. పిల్లలకి ఈ సంగతి పాఠంగా చెప్పాలనుకున్నాను.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఫోను మోగింది. మామూలు కాలు. మరదలు.

"వదినా, గాలొస్తన్నాది, అందరూ తిరిగొచ్చెయ్యండని గ్రూపులో పెట్టినారు. అందరూ సూసినారు. ఈయన ఒక్కడూ సూడలేదు. నాను ఇడిగా పెట్టినా సూడలేదు. ఒక్క టిక్కే పడతన్నాది వదినా."

రెండు టిక్కులు పడితే మెసేజి అవతలి ఫోనుకి చేరినట్టు. ఒక్కటే పడితే చేరనట్టు.  బెంచీ పట్టుకుని నిలబడ్డాను.

"కాలు చెయ్యలేదా?"

"కలవటం లేదు. లోపలికి పోతే కాలు కలవదు కదా. మెసేజీ అయితే ఎప్పుడో ఒకప్పుడు సిగ్నలు తగిలి పడిపోద్ది. ఎప్పుడూ పడేది. ఈరోజే పడలేదు."

ఈరోజే ఎందుకు పడలేదో ప్రపంచంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాట దానికి చెప్పడానికి నోరు రాలేదు. వస్తున్నానని మాత్రం చెప్పి ఫోను పెట్టేశాను.

గాలివాన పడమర నుంచి తూర్పుకి పోతోంది. మా అరసవల్లి మీదుగా వెళ్ళి, మా కరెంటు తీసేసి, నా పెట్టె నోరు నొక్కి, ఆ తర్వాత సముద్రం మీదికి బయల్దేరింది. తమ్ముడు తూర్పుకి తిరిగి వల లాగుతూ ఉంటాడు. చేప బాగా పడితే వాడు వెనక్కి తిరిగి చూడడు, నాకు తెలుసు. మిగతా బోట్లన్నీ ఒకచోట ఉంటాయి కాబట్టి ఒకరు తిరిగితే అందరూ తిరుగుతారు. వీడొక్కడూ వేరే, ఎవరికీ తెలియని చోట. ఆ చోటు ఎవరికీ తెలియకుండా నేనే తాళం వేశాను.

స్కూటీ మీద ఇంటికి పరిగెత్తాను. వాన కళ్ళల్లో కొడుతుంటే నా అంతట నేనే ఏదో అనుకుంటూ పోతున్నాను. ఏం మొక్కుకున్నానో గుర్తు లేదు. ఇంట్లోకి వెళ్ళి టీవీ ప్లగ్గు పీకి, ఆ తీగకి పెట్టె, మోడెం రెండూ తగిలించాను. ప్లగ్గు ఒకంతట దూరలేదు.

"ఏటైందమ్మా? ఆ తడి సేతులతో ఏటా పని?" అని అత్తగారు వెనకాల నిలబడి అడుగుతున్నారు. నేను కసురుకున్నాను. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ప్రాణం లేచొచ్చింది. మోడెం మీద ఎర్రదీపం మాత్రం ఆరలేదు. కేబులాయనకి ఫోను చేస్తే, "మేడమ్, మా దగ్గరే కరెంటు లేదు, గంటైనా పడతాది" అన్నాడు. గంట. నేలమీద కూలబడి ఆ ఎర్రదీపం వంక చూస్తూ ఏడ్చాను. అత్తగారు తువ్వాలు తెచ్చి నా తల మీద వేశారు. నేను అన్నీ చెప్పేశాను. ఆవిడ అంతా విని, "ఈ పెట్టె దగ్గర కూకుంటే ఏటొస్తాది? నీ తమ్ముడి దగ్గరికి ఎల్లు" అన్నారు.

గార రోడ్డు మీద ఎలా నడిపానో నాకు తెలియదు. వాన నా ముందు ముందే పోతోంది, నేను దాని వెనకాల. దారిలో ఒక చెట్టుకొమ్మ పడి బస్సు ఆగిపోయింది. నేను స్కూటీని పొలంగట్టు మీంచి దించి ఎక్కించాను. వాడికి ఏమైనా అయితే మరదలికి ఏం చెప్పాలి? ప్రకటనలు రాకుండా చేశానని చెప్పాలా? ఆ ప్రశ్న ఒక్కటే తిరిగి తిరిగి వస్తోంది.

ఊరు చేరేసరికి వాన వెలిసింది గానీ గాలి తగ్గలేదు. ఇసుకలో బోట్లన్నీ పైకి లాగేసి ఉన్నాయి. మా బోటు ఉండే చోటు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. మరదలు వాళ్ళకి దూరంగా, నీళ్ళకి దగ్గరగా ఒక్కతే కూర్చుంది. అలలు కొండల్లా లేచి ఒడ్డున విరుగుతున్నాయి.

దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"మా నాన్న ఎల్లాడు" అంది.

"ఎక్కడికి?" అనేశాను. అడక్కూడని మాటని నాకు ఆ క్షణాన గుర్తు లేదు.

"ఈయన దగ్గరికే. ఈరోజు ఏటకెల్లక ఒడ్డునే ఉన్నాడు. గాలి రాకముందే బోటు తోసుకొని ఎల్లిపోయాడు. నాను ఫోను సేసిన ఎంటనే."

"వాడెక్కడున్నాడో మావకెలా తెలుసు?"

 ఇసుకలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత వెనకనున్న ఆడవాళ్ళకి వినపడకుండా చెప్పింది.

"నానే సెప్తాను వదినా. ఈయన పడుకున్నాక ఫోనులో దాసుకున్న సోటు అంకెలు సూసి, కాగితం మీద రాసి మా నాన్నకి ఇస్తాను, ఆయన బోటులో జీపీఎస్ ఉన్నాది. సేపల కోసం కాదు. ఈ మనిసి ఎక్కడున్నాడో ఒడ్డు మీద ఒక్కరికైనా తెలియాలి కదా. అడిగితే కీడంటాడు. అడక్కుండా ఎలా ఉండను? అప్పుడప్పుడూ ఎల్లి సూసిరా నాన్నా అన్నాను. ఆయన ఎల్లినోడు ఊరికే వస్తాడేటి, వల ఏసేస్తాడు. వద్దు నాన్నా అన్నా ఇనడు."

నేను దాని మొహం చూడలేకపోయాను. మా ఇంట్లో కంచాలు తీస్తూ ఇది అడిగిన మాట, దానికి నేను విసిరిన జవాబు రెండూ చెవిలో మోగాయి. ఫోను దొంగ కాదు. దొంగతనమే లేదు. మొగుడు తిరిగి రావాలని ఒక ఆడది చేసుకున్న ఏర్పాటది.

"నా పెట్టె ఆగిపోబట్టే మెసేజి వెళ్ళలేదే" అన్నాను. నా పెట్టెకి కట్టడమంటే ఏమిటో, కరెంటు పోతే ఏమైందో విడమరిచి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అది వింది, నా చేతిలోంచి చెయ్యి తీసేసుకుంది. మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.  ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. అలల మధ్య ఏ నల్లమచ్చ కనపడినా లేచి చూసేదాన్ని, దగ్గరికొచ్చేసరికి అది దుంగో, నీడో అయ్యేది. నాన్న పోయినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. అప్పుడు నేను చేసిందేమీ లేదు.

మధ్యాహ్నం దాటాక ఎవరో వెనక నుంచి, "రెండు బోట్లు" అన్నారు.

ముందు మావ బోటు, దాని వెనక తాడుతో కట్టుకుని మా బోటు. మా బోటు ఇంజను ఆగిపోయింది. ముగ్గురు మనుషులున్నారు. నేను లెక్క సరిగా పెట్టానో లేదోనని మూడుసార్లు లెక్కపెట్టాను. మగాళ్ళు నీళ్ళలోకి దిగి బోట్లు లాగారు. వాడు ఇసుకలో కాలు పెట్టి రెండడుగులు వేసి కూర్చుండిపోయాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. మరదలు వాడి దగ్గరికి పరిగెత్తలేదు. ఉన్నచోటే లేచి నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

వల కోసేసుకుని వదిలేశారట. ఇంజనులోకి నీళ్ళు పోయాయట. మావ వచ్చేసరికి ముగ్గురూ చేతులతో నీళ్ళు తోడుతున్నారట. ఇంకో అరగంట అయితే, అని ఒక కళాసీ మొదలుపెట్టి ఆపేశాడు.

ఎవరో టీ తెచ్చి ఇస్తే తమ్ముడు సగం తాగాడు. ఒంట్లోకి వెచ్చదనం రాగానే అడిగిన మొదటి మాట ఇది.

"మావా, నా సోటు నీకెలా తెలిసింది?"

మావ తాడు చుట్టుకుంటూ, "అటుగా ఎల్లాను, అగపడ్డావు" అన్నాడు.

"ఆ గాల్లో అటుగా ఏ మడిసి ఎల్తాడు?"

 తమ్ముడి చూపు కళాసీల మీంచి జరిగి మరదలి మీదికి వెళ్ళింది. వాడి బుర్రలో ఒక్కొక్కటీ అతుక్కుంటున్నాయని నాకు అర్థమైంది. వాడు మంచివాడే. కానీ చోటు చెప్పడమంటే మావాళ్ళలో చిన్న తప్పు కాదు. ప్రాణం కాపాడిందన్న మాట తర్వాత ఎప్పుడో గుర్తొస్తుంది, నా పెళ్ళాం నా ఫోను వెతికి తండ్రికి అందించిందన్న మాట ముందు గుర్తొస్తుంది. గుర్తొచ్చాక ఆ ఫోను ఇంక దాని కంటబడనివ్వడు. ఈసారి గాలొస్తే ఒడ్డున ఎవరికీ ఏమీ తెలియదు.

"ఫోనే చెప్పింది" అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు.

"నేను సరిగా మూయలేదురా. ఆ యాప్ తీసినా ఏదో ఒకటి మిగిలిపోయింది. మావకి ఎవరో చెప్పి ఉంటారు, అందరికీ కనిపిస్తోంది నీ చోటు. నీకు మెసేజి రాకుండా ఆపింది కూడా నేనే. నా పెట్టె ఆగిపోయింది. రెండూ నా చేతకానితనమే."

ఒకటి నిజం, ఒకటి అబద్ధం. రెండూ ఒకే గొంతుతో చెప్పాను. పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్న నోరు, ఎక్కడా తడబడలేదు. మావ తాడు చుట్టడం ఆపి నా వంక చూసి మళ్ళీ చుట్టుకున్నాడు.

తమ్ముడు టీ గ్లాసు ఇసుకలో గుచ్చి పెట్టాడు. "పెద్ద లెక్చరరువి" అన్నాడు. అంతే, ఇంకేమీ తిట్టలేదు. నడుముకి ప్లాస్టిక్ కవరులో కట్టుకున్న ఫోను విప్పి నా ఒళ్ళో పడేశాడు. "మెసేజీలు రావాల. నా సోటు మాత్రం ఎవడికీ అగపడకూడదు. ఈసారైనా సరిగా మూసీ."

అందరి ముందూ ఆ ఫోను తీసుకున్నాను. ముందు నా పెట్టె కట్టు విప్పేశాను. మెసేజీలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, అందులో మరదలివే పదకొండు. వాడు వంగి వాటిని ఒక్కొక్కటీ చదివాడు. వాడు మళ్ళీ టీ గ్లాసు అందుకున్నాక, ఫోను ఎక్కడుందో చెప్పే దారి తెరిచాను. ఎవరికి చెప్పాలని అడిగింది. నా నంబరు ఇచ్చాను. ఎంతకాలం అని అడిగింది. నేను ఆపేదాకా అని నొక్కాను. ఆ సంగతి పైకి కనిపించే గుర్తుని లోపలికి తోసేశాను.

"అయిపోయింది" అన్నాను.

ఆ సాయంత్రం మరదల్ని పక్కకి పిలిచి, ఇంక అంకెలు రాయక్కర్లేదని, ఏదైనా అయితే నాకు ఫోను చెయ్యమని చెప్పాను. అదేమీ అడగలేదు. ఈసారి అదే నా చెయ్యి పట్టుకుంది.

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున లేచి ఫోను చూస్తున్నాను. వాడి చుక్క ఒడ్డు దాటుతుంది, నీలం రంగులో లోపలికి పోతుంది, సిగ్నల్ అందని చోట ఆగిపోతుంది. ఆగిన దగ్గర్నుంచి మళ్ళీ కదిలేదాకా నాకు టీ గొంతు దిగదు. క్లాసులో బోర్డు వైపు తిరిగి చూస్తాను, స్టాఫ్‌రూములో సంచీలో తల పెట్టి చూస్తాను. గోడ అవతల నిలబడి వినేవాళ్ళంటే అంత రోత పడినదాన్ని, ఇప్పుడు నా తమ్ముడి గోడ అవతల నేనే నిలబడ్డాను. వాడికి తెలిసిన రోజు ఏమవుతుందో తలుచుకుంటే ఆ గాలివాన రోజంత భయమూ మళ్ళీ వస్తుంది. అయినా ఆపలేదు. ఆపను.

మొన్న ఆదివారం వాడొక్కడే వచ్చాడు, పెద్ద పండుగప్ప చేప పట్టుకుని. నేను వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీస్తున్నాను. వాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పా, నువ్వు మూసినకాడి నుంచి ఒక్కడూ నా ఎనకాల రాలేదు. మావ కూడా రాటం లేదు. మంచి పని సేసినావు."

నేను తల ఎత్తలేదు. ముల్లు గుచ్చుకుందని వేలు చూసుకున్నాను. వాడు బయల్దేరాడో లేదో చూద్దామని తెరిచిన నా ఫోను గట్టు మీద అలాగే వెలుగుతోంది. అందులో అరసవల్లి వీధులు, మా ఇల్లు, మా ఇంటి మీద వాడి చుక్క. దాని కింద వాడి పేరు.

"మంచినీలు ఏవి?" అంటూ వాడు గట్టు వైపు చెయ్యి చాపాడు. నేను లేచి, చేప నెత్తురు చేత్తోనే ఫోనుని బోర్లా తిప్పేసి, గ్లాసు అందించాను.